రెండు రూపాయల బియ్యం క్రెడిట్ ఎవరిది? మీ ఇంట్లో జరిగింది చెప్పండి

ఒంగోలు గిత్త:
మొన్న ఆదివారం మా ఇంట్లో అన్నాల దగ్గర పెద్ద గొడవైంది. మా మామయ్యకి అన్నగారంటే ప్రాణం, పేదోడికి వరి అన్నం పెట్టింది ఎన్టీఆరే అంటాడు. మా నాన్న పాత కాంగ్రెస్ మనిషి. "ఆయన గద్దెనెక్కక ముందే అప్పటి కాంగ్రెస్ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కర రెడ్డి కిలో బియ్యం రూపాయి తొంభై పైసలకి ప్రకటించాడు, పది పైసలు ఎక్కువకి ఇచ్చినాయనకి పేరొచ్చింది" అంటాడు. ఇద్దరూ సగం అన్నంలో లేచిపోయేదాకా వచ్చింది. నేను పుట్టేసరికే ఈ గొడవంతా అయిపోయింది కాబట్టి ఎవరి వైపు మాట్లాడాలో తెలియలేదు. పార్టీల సంగతి పక్కన పెట్టి, మీ ఇంట్లో ఆ బియ్యం ఎప్పుడు వచ్చాయి, అంతకుముందు ఏం తినేవాళ్లు, వచ్చాక ఏం మారింది, అది చెప్పండి. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

సీమ బిడ్డ:
మాది అనంతపురం జిల్లాలో వానాధారం ఊరు. మా అవ్వ చెప్పేది, పెళ్లయి వచ్చిన పదేళ్లలో తను అన్నం వండిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చని. ఉగాదికి, పీర్ల పండక్కి, ఇంట్లో ఎవరికైనా జ్వరం తగ్గి పథ్యం పెట్టాలంటే. మిగతా రోజులన్నీ సంగటి, జొన్నరొట్టె, లేదంటే కొర్రన్నం. 83లో కార్డు వచ్చాక మనిషికి ఐదు కిలోలు, ఇంటికి ఇరవై ఐదు కిలోలు మించకుండా ఇచ్చేవాళ్లు. మా తాత మూట నెత్తిన పెట్టుకుని మూడు మైళ్లు నడిచొచ్చాడంట. అవ్వ చేటలో చెరిగితే రాళ్లు, మట్టిగడ్డలు పిడికెడు వచ్చాయి, ముక్కిన వాసన వేసింది, నాలుగుసార్లు కడిగి వండింది. మా నాయనకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ రోజు కూర లేకుండా ఉత్తన్నమే రెండు తట్టలు తిన్నానని ఇప్పటికీ చెప్తాడు. మీ నాన్న చెప్పేది అబద్ధం అనను, కానీ మా ఊరికి బియ్యం నడిచొచ్చింది మాత్రం ఎన్టీఆర్ టైములోనే.

పాత పేపరు:
తారీఖులు సరిగ్గా పెట్టుకుంటే సగం గొడవ తగ్గుతుంది. కోట్ల ముఖ్యమంత్రి అయింది 1982 సెప్టెంబరులో, ఎన్నికలు జరిగింది 1983 జనవరిలో. అంటే ఆయన చేతిలో ఉన్నది నాలుగు నెలలు కూడా కాదు. అప్పటికే ఎన్టీఆర్ చైతన్యరథం మీద ఊరూరా తిరిగి కిలో రెండు రూపాయలు అని చెప్తున్నాడు, దానికి పోటీగానే రూపాయి తొంభై వచ్చింది. కాబట్టి ముందు ఎవరిచ్చారు అన్న లెక్కలో మీ నాన్నగారు కరెక్టు, ముందు ఎవరన్నారు అన్న లెక్కలో మీ మామయ్య కరెక్టు.

ఇంకా వెనక్కి పోతే ఇద్దరిదీ కాదు. 1967లో తమిళనాడులో అన్నాదురై రూపాయికి మూడు పడుల (పడి అంటే అక్కడి కొలత) బియ్యం అన్నాడు, గెలిచాక మద్రాసులో, కోయంబత్తూరులో రూపాయికి ఒక పడి వరకే ఇవ్వగలిగారు. ఐడియా ఎవరిది అని వెతకడం మొదలుపెడితే ఎక్కడా ఆగదు. నన్నడిగితే చూడాల్సింది ఎంతకాలం నిలబెట్టారు అన్నది. మధ్యలో కాంగ్రెస్ హయాంలో ధర మూడున్నరకి పోయింది, 94లో గెలిచి ఎన్టీఆర్ మళ్లీ రెండుకి దించాడు, 96లో చంద్రబాబు మూడున్నర చేశాడు, పెరిగి పెరిగి ఐదూపావలాకి చేరాక 2008లో వైఎస్ తిరిగి రెండు రూపాయలు చేశాడు, 2011 నవంబరు నుంచి కిరణ్ కుమార్ రెడ్డి రూపాయికే ఇచ్చాడు. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చి కేంద్రం ధర మూడు రూపాయలైంది, 2023 జనవరి నుంచి అదీ తీసేసి ఉచితం అన్నారు. ఇందులో ప్రతి ఒక్కరూ మేమే ఇచ్చామని పోస్టరు వేసుకున్నారు. మధ్యలో ధర పెంచిన సంవత్సరాల గురించి మాత్రం ఏ పార్టీ వాళ్లూ మాట్లాడరు, కానీ జనం ఆ సంవత్సరాల్లో కూడా తినాలి కదా.

కోనసీమ కాలువ:
మా నాన్నగారు ముప్ఫై ఏళ్లు రేషను డీలరు. ఆయన పక్క నుంచి చూసింది చెప్తాను, ఎందుకంటే ఈ చర్చల్లో ఆ మనిషి ఎప్పుడూ దొంగగానే వస్తాడు.

బియ్యం ముఖ్యమంత్రి ఇంట్లోంచి రావు. రైతు దగ్గర వడ్లు కొన్న మిల్లరు ఆ రోజుల్లో లేవీ కింద, అంటే తప్పనిసరి వాటాగా, కేంద్ర ఆహార సంస్థ ఎఫ్‌సీఐకి బియ్యం ఇవ్వాల్సి వచ్చేది, అక్కడి నుంచి మండలం గోడౌనుకి, అక్కడి నుంచి షాపుకి. గోడౌన్లో హమాలీలు బస్తాకి కొక్కెం వేసి లాగుతారు, ఆ చిల్లులోంచి దారి పొడవునా బియ్యం కారుతూనే ఉంటాయి. మాకు బస్తా తూకం గోనెసంచితో కలిపి లెక్క, మేము జనానికి ఇవ్వాల్సింది ఒట్టి బియ్యం. ఆ తరుగు ఎవరిది? డీలరుదే. కిలోకి వచ్చే కమీషను పైసల్లో. ఈ లోటు పూడ్చుకోవడానికి చాలామంది కాటాలో కొట్టారు, అది నిజమే, ఖండించను. మా నాన్నగారు కొట్టలేదని నేను ప్రమాణం చేయలేను కానీ, కార్డు తెచ్చిన వితంతువుల దగ్గర మాత్రం ముల్లు నిలబడేదాకా తూచేవాడు, అది నేను నా కళ్లతో చూశాను. ఈ పథకం ఎవరి ఘనత అని అడిగితే నాకు ఆ హమాలీల భుజాలే గుర్తొస్తాయి. గోనె రాసుకుని వాళ్ల మెడ దగ్గర చర్మం నల్లగా కాయ కాసి ఉండేది.

పాలమూరు పోరడు:
అన్నా, అందరూ వచ్చిన బియ్యం గురించే చెప్తున్నారు, రాని వాళ్ల సంగతి నేను చెప్తా. మా అమ్మా నాయిన ఏడాదికి ఎనిమిది నెలలు బొంబాయి, పూణె దిక్కు మట్టిపనికి పోయేవాళ్లు. కార్డు ఊళ్లో పెట్టెలో ఉండేది, మేము పని కాడ డేరాలో ఉండేవాళ్లం. అక్కడ అంగట్లో రేటు పెట్టి కొనుక్కొని తిన్నాం. తిరిగొస్తే మా పేరు మీద బియ్యం ఎవరో తీసుకున్నట్టు రాసి ఉండేది, ఎవరని అడిగే ధైర్యం మా నాయినకు లేదు. రెండు రూపాయలు, రూపాయి అన్న మాట ఊరి గోడల మీద చదివాం కానీ మా కుండలోకి వచ్చింది తక్కువ.

2019లో ఆంధ్రా కార్డు తెలంగాణల, తెలంగాణ కార్డు ఆంధ్రల చెల్లేటట్టు చేసిన్రు, తర్వాత దేశమంతా ఎక్కడైనా వేలిముద్ర పెట్టి తీసుకోవచ్చు అన్నరు. మా అసోంటి వలస కుటుంబాలకు ధర తగ్గించిన దానికంటే అదే పెద్ద మేలు. దాని మీద మా ఊర్ల ఒక్క ఫ్లెక్సీ కూడా చూడలేదు, ఎవరు చేసిన్రో మా అమ్మకు ఇప్పటికీ తెల్వదు.

చోడి అంబలి:
నేను విజయనగరం వైపు ఆరోగ్య కార్యకర్తగా పని చేస్తున్నాను. నాది కొంచెం వేరే మాట, కోపం తెచ్చుకోకండి. మా నాన్నమ్మ కాలంలో పొద్దున చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం గంటి (సజ్జ) అన్నం. చౌక బియ్యం వచ్చాక చోళ్లు, గంట్లు వేసే మెట్టలు బీడు పడ్డాయి, లేదంటే సరుగుడు, జీడిమామిడి వేశారు. మూడు పూటలా తెల్లన్నం, పప్పు నామమాత్రం, కూర తక్కువ. ఇప్పుడు నేను ఇల్లిల్లూ తిరిగి షుగరు చూస్తుంటే కూలి పని చేసుకునే నలభై ఏళ్ల వాళ్లకి కూడా వస్తోంది. అన్నం ఒక్కటే కారణం అనను, కానీ ఆకలి తీర్చినందుకు క్రెడిట్ ఇస్తే, తిండి మారిపోయినందుకు బాధ్యత కూడా అక్కడే రాయాలి కదా? 83లోనే బియ్యంతో పాటు రాగులు, జొన్నలు, పప్పు కూడా పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

సీమ బిడ్డ:
అక్కా, మీ మాట కాదనను, మా నాయనకీ షుగరుంది. కానీ ఒక్కటి చూడండి. సంగటి మంచిదని ఇప్పుడు హోటల్లో డబ్బిచ్చి తింటున్నారు, ఆ సంగటి వెనక మా అవ్వ తొలికోడి కూయకముందే లేచి తిరగలి దగ్గర కూర్చునేది. ఎనిమిది మందికి సరిపడా రాగులు విసరాలంటే రెండు గంటలు. కొర్రలైతే దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. ఆ తర్వాత చేనికి పోయి మగవాళ్లతో సమానంగా పని. ఆమె కుడిచెయ్యి భుజం దగ్గర నుంచి పైకి లేచేది కాదు, జాకెట్టు మా అమ్మే తొడిగేది. బియ్యం వచ్చాక తిరగలి మూలకి చేరింది. ఆ రెండు గంటలు ఆమె పడుకోగలిగింది. ఈ మాట ఏ నాయకుడూ తన ఘనతల చిట్టాలో రాసుకోలేదు, వాళ్లకి అది తట్టి కూడా ఉండదు. నేనైతే అన్నిటికంటే ముందు దీనికే దండం పెడతాను.

చోడి అంబలి:
తమ్ముడూ, ఇది నాకు తట్టలేదు. మా నాన్నమ్మ కూడా విసిరేది, ఆవిడ అరచేతుల కాయలు నాకు గుర్తున్నాయి. నా మాట వెనక్కి తీసుకోను కానీ, నీ మాట కూడా పక్కన పెట్టుకుంటాను.

నెల్లూరు నెరజాణ:
బియ్యం లెక్క రాసేటప్పుడు పక్కనే సారా లెక్క కూడా రాయండి. రెండు రూపాయల బియ్యం ఇచ్చిన ప్రభుత్వమే వారుణి వాహిని అని పేరు పెట్టి సారాను పాకెట్లలో ఊరూరికీ చేర్చింది. బియ్యం మీద మిగిలిన డబ్బు సాయంత్రానికి సారా కొట్టు దగ్గరికి పోయేది. మా అమ్మ చెప్పేది, మా నాన్న కార్డు మీద తెచ్చిన బియ్యంలో సగం దారిలోనే అమ్మి తాగొచ్చిన రోజులున్నాయని. చేటలో బియ్యం కొలుచుకుని ఏడ్చేదంట.

అది ఆపింది కూడా ఏ నాయకుడూ కాదు. మా జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా వద్దని బయటికొచ్చారు. రోశమ్మ గారి పేరు అందరికీ తెలుసు, పేరు తెలియని వాళ్లు వందలమంది. మా అమ్మ కూడా చీపురు, కారప్పొడి పట్టుకుని వేరే ఊళ్లో సారా జీపుకి అడ్డం కూర్చుంది. 92లో జిల్లా అంతా అంటుకుంది, వేలం పాటలు జరగనివ్వలేదు. 93 అక్టోబరు 1 నుంచి సారా నిషేధించింది అప్పటికి రెండోసారి ముఖ్యమంత్రిగా ఉన్న కోట్ల విజయభాస్కర రెడ్డే, ఇది మీ నాన్నగారికి చెప్పండి, సంతోషిస్తారు. 94 డిసెంబరులో ప్రమాణ స్వీకారం రోజే ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం మీద సంతకం పెట్టాడు, ఇది మామయ్యకి చెప్పండి. 97లో చంద్రబాబు ఎత్తేశాడు. సంతకాలు పెట్టినవాళ్లకి ఆ వరకు క్రెడిట్ ఇవ్వడానికి నాకేం బాధ లేదు. కానీ మా అమ్మ మోకాలి మీద లాఠీ దెబ్బ మచ్చ ఉంది, ఆ మచ్చ మీద ఎవరో వచ్చి తన పేరు రాసుకుంటే మాత్రం ఒప్పుకోను.

గుంటూరు ఘాటు:
ఎన్ని చెప్పినా డబ్బు ప్రజలదే కదండీ, నాయకుడి జేబులోది కాదు. ఎందుకు క్రెడిట్?

పాత పేపరు:
డబ్బు ప్రజలదే, అందులో సందేహం లేదు. కానీ అదే డబ్బు ఇంకోదానికి పెట్టొచ్చు. కిలో బియ్యం కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా ప్రతి ఏడాదీ బడ్జెట్లో కనపడుతుంది, ఖజానా ఖాళీ అవుతుందని ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లు చాలామంది తిట్టారు. తిట్లు పడి కూడా నిలబెట్టడం అనేది ఒక నిర్ణయం, దానికి క్రెడిట్ ఇవ్వాలి. అది ఎన్టీఆర్‌కి ఇస్తాను, 2008కి వైఎస్‌కీ ఇస్తాను, చట్టం చేసినందుకు అప్పటి కేంద్రానికీ ఇస్తాను, ఎందుకంటే చట్టం అయ్యాక అది దయ కాదు, హక్కు. ధర పెంచినవాళ్లకి కూడా కారణాలున్నాయి, రాష్ట్రం అప్పుల్లో ఉంది అన్నారు, ఆ మాటనీ వినాలి. నేను ఒప్పుకోనిది ఒకటే, మా నాయకుడు లేకపోతే మీరు ఆకలితో చచ్చేవాళ్లు అనడం. మా వీధిలో ఒక పెద్దాయన ఈ మాట అన్న కార్యకర్తని గుమ్మంలోంచే పంపించేశాడు, ఆయన జీవితమంతా రాళ్లు కొట్టి బతికినవాడు.

ఒంగోలు గిత్త:
అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి ఇవన్నీ మా నాన్నకి, మామయ్యకి ఎదురుగా కూర్చుని ఫోన్లో చూస్తూ పెద్దగా చదివి వినిపించాను. సారా నిషేధం సంగతి వినగానే నాన్న ముఖం వెలిగింది, మామయ్య వెంటనే సంపూర్ణ నిషేధం సంతకం అందుకున్నాడు, మళ్లీ మొదలైంది. కానీ తిరగలి గురించి చదివినప్పుడు ఇద్దరూ మాట్లాడలేదు. వాళ్ల అమ్మల సంగతి గుర్తొచ్చినట్టుంది. కాసేపటికి నాన్నే చెప్పాడు, మొదటి జాబితాలో మాకు కార్డు రాలేదంట, ఊళ్లో పెద్దమనిషికి మా తాత మీద పాత కక్ష ఉండి పేరు రాయనివ్వలేదు, ఏడాది తర్వాత వచ్చింది. ఆ ఏడాదంతా బియ్యం పెట్టింది మామయ్య వాళ్ల ఇల్లు, వాళ్ల కార్డు మీద తెచ్చి చీకటి పడ్డాక గిన్నెతో పంపేవాళ్లంట. ఇన్నేళ్లలో ఈ మాట ఇద్దరిలో ఒక్కరూ మాకు చెప్పలేదు.

కోనసీమ కాలువ గారూ, మామయ్య ఒకటి అడగమన్నాడు. నెలలో మూడో వారం పోతే ఎప్పుడూ స్టాకు లేదనేవాళ్లు, నిజంగానే ఉండేది కాదా, దాచేవాళ్లా?

కోనసీమ కాలువ:
నాన్నగారిని ఇప్పుడే అడిగాను. రెండూ జరిగేవి అన్నారు. సరుకు ఎత్తాలంటే డీలరు ముందు బ్యాంకులో డబ్బు కట్టాలి, చేతిలో ఉన్నంత మేర కట్టి సగం కోటా ఎత్తేవాళ్లు, అది అమ్ముడుపోయిన డబ్బుతో మిగతా సగం. మొదటి సగం అప్పు పెట్టిన నెలల్లో రెండో సగం ఎత్తలేకపోయేవారు. కొందరు ఎత్తి కూడా లేదని చెప్పి బయట అమ్మేవాళ్లు. మీ ఊరి షాపులో ఏం జరిగిందో తనకి తెలియదు, మూడో వారంలో గోడ మీద స్టాకు పలక ఉండేదేమో మామయ్యని గుర్తు చేసుకోమన్నారు. ఉన్న స్టాకు రోజూ దాని మీద సుద్దతో రాయాలి, అది రాయని వాడి దగ్గర అనుమానపడాల్సిందే అంటున్నారు.