కోర్సు అమ్మినోళ్ళు ఉద్యోగం దాకా తోడు రావాలా వద్దా? 35 దాటి లైన్ మారినోళ్ళు చెప్పండి

కాణిపాకం_రోడ్:
అన్నలకి అక్కలకి నమస్తే. నాది చిత్తూరు, వయసు 37. మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో 11 ఏండ్లు డిస్పాచ్‌లో చేసినా, పేరు వద్దులెండి. సీజన్ వస్తే నిద్ర ఉండదు, సీజన్ పోతే పనుండదు, పిల్లోళ్ళు పెద్దోళ్ళయిపోతా ఉండారని చెప్పి పోయినేడాది ఆన్‌లైన్లో డేటా అనలిటిక్స్ (కంపెనీ లెక్కలు చూసి ఏం జరుగుతా ఉందో తేల్చే పని) కోర్సులో చేరినా. తొమ్మిది నెలలు, ఫీజు 1,35,000, చేతిలో లేదు కాబట్టి వాళ్ళే లోన్ పెట్టించినారు, నెలకి 6,200 ఈఎంఐ. చేరేటప్పుడు ఫోన్‌లో ఆ అమ్మాయి అన్న మాట ఇంకా చెవుల్లోనే ఉంది, "సార్ మీరు నేర్చుకోండి చాలు, జాబ్ సంగతి మా కెరీర్ టీమ్ చూసుకుంటుంది" అని.

చదువు బాగానే చెప్పినారు, దాంట్లో అబద్ధం చెప్పను. డేటా బయటికి తీసే ఎస్‌క్యూఎల్, దాన్ని చార్టులుగా వేసే పవర్ బీఐ వచ్చింది, పైథాన్ ప్రోగ్రామింగ్ కొంచెం. కానీ కెరీర్ సపోర్ట్ అని ఇచ్చింది ఏందంటే ఒక రెజ్యూమె ఫార్మాట్, లింక్డ్‌ఇన్ ఎట్ల పెట్టుకోవాలో రికార్డింగ్ వీడియో, రెండు మాక్ ఇంటర్వ్యూలు, జాబ్ పోర్టల్‌కి ఒక లాగిన్. ఆ పోర్టల్లో చూస్తే అన్నీ గుర్గావ్, నోయిడా, అనుభవం 0 నుంచి 2 ఏళ్ళు. ఆరు నెలలకి లాగిన్ కూడా మూసేసినారు, మెయిల్ పెడితే మీ సపోర్ట్ పీరియడ్ అయిపోయింది అని రెండు లైన్లు. ఈఎంఐ పీరియడ్ మాత్రం ఇంకా ఏడాది ఉంది.

నేనడిగేది ఒకటే. మనలాంటి వయసోళ్ళకి కోర్సు అమ్మేటప్పుడు ఉద్యోగం దొరికే దాకా తోడుండడం వాళ్ళ బాధ్యతా కాదా? మా బావమరిది అయితే "నేర్పినారు కదా, ఇంకేం కావాలి" అంటాడు. నాకు సమాధానం తోచలా.

బైరాగిపట్టెడ_బాబు:
అన్నా బాధపడొద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్తా. మీ బావమరిది చెప్పింది కరెక్ట్. ఉద్యోగం ఇచ్చేది కంపెనీ, కోర్సు వాడు కాదు, వాడి చేతిలో లేనిదాన్ని వాడు ఎట్ల ఇస్తాడు? నేను మెకానికల్ డిప్లొమా చేసి 27 ఏళ్ళప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌కి వచ్చా, బెంగళూరు మడివాళలో ఒక రూంలో నలుగురం ఉండి, రోజూ అప్లై చేసి, వాకిన్‌లకి తిరిగి, ఎనిమిది నెలలు పట్టింది. ఎవరూ చెయ్యి పట్టుకుని తీసుకుపోలా. ఐఐటీల ఎన్‌పీటెల్ ఆన్‌లైన్ పాఠాలు ఊరికే దొరుకుతాయి, పరీక్ష రాయాలనుకుంటేనే ఫీజు, కేంద్రం వాళ్ళ ఆన్‌లైన్ చదువుల స్వయం పోర్టల్ 2017 నుంచి ఉంది. లక్షా ముప్పైఐదు వేలలో చదువు ఎంత, ఈ కెరీర్ సపోర్ట్ అనే మాట ఎంత అని ఆలోచించండి. ఆ మాట తీసేస్తే ఫీజు సగం అవుతుంది. నేనైతే అది వద్దే వద్దంటా, చదువు చవగ్గా అమ్మమను, ఉద్యోగం మనం వెతుక్కుందాం.

తిరుచానూరు_అక్క:
బాబూ, 27 ఏళ్ళు, పెళ్ళి కాలా, మడివాళలో రూం. ఆయనకి 37, ఇద్దరు పిల్లలు, నెల నెలా ఈఎంఐ. ఎనిమిది నెలలు జీతం లేకుండా తిరగమంటే ఎట్ల తిరుగుతాడు నాయనా.

నా సంగతి చెప్తా. నేను ప్రైవేట్ స్కూల్లో 15 ఏళ్ళు సైన్స్ టీచర్ని. 2020 మార్చిలో స్కూళ్ళు మూసేసినారు, జూన్ నుంచి జీతం లేదు, మాలో కొంతమంది కూరగాయల బండి కూడా పెట్టుకున్నారు, అందరికీ తెలిసిందే. తర్వాత ఏడాది నేను ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్ నేర్చుకున్నా, అంటే కంపెనీల్లో ఉద్యోగస్తులకి ట్రైనింగ్ పాఠాలు రాసే పని. కోర్సు నాలుగు నెలలే, చిన్న సంస్థ, కానీ వాళ్ళ దగ్గర ఒక మేడం ఉండేది. మొదటి రోజు ఫోన్ చేసి నలభై నిమిషాలు నా చేత మాట్లాడించింది, ఒక్క సలహా ఇయ్యలా. చివర్లో అడిగింది, "15 ఏళ్ళు పాఠం చెప్పినారు కదా, లెసన్ ప్లాన్ పుస్తకాలు దాచిపెట్టినారా?" అని. అటక మీద ట్రంకు పెట్టెలో ఉన్నాయి, అట్టలకి చెదలు పట్టినాయి గానీ లోపల బాగున్నాయి. దాంట్లోంచి రెండు పాఠాలు, ఒకటి ఆమ్లాలు క్షారాలు, ఇంకోటి విద్యుత్తు, కంప్యూటర్లో మళ్ళీ తయారు చేయించింది. అదే నా పోర్ట్‌ఫోలియో, అంటే ఇంటర్వ్యూల్లో చూపించే పని, అయింది. 23 చోట్ల రిజెక్ట్ అయినా, ప్రతి శుక్రవారం ఫోన్ చేసేది, ఏం అడిగినారు, మీరేం చెప్పినారు అని. 24వది వచ్చింది. చేరిన మొదటి నెల కూడా చేసింది, ఎందుకంటే ఆ నెల్లోనే నేను మానేద్దామనుకున్నా, టీం మీటింగ్‌లో అందరూ నాకన్నా పదేళ్ళు చిన్నోళ్ళు, నోరు తెరవాలంటే భయం.

కాబట్టి సపోర్ట్ వద్దు అనే మాట నేను ఒప్పుకోను. నీకు అవసరం రాలేదు, అంతే.

కాణిపాకం_రోడ్:
అక్కా మీరు రాసింది చదివి కాసేపు అట్లే కూచున్నా. నాకు జరిగింది దీనికి తలకిందులు. మాక్ ఇంటర్వ్యూలో "మీ గురించి చెప్పండి" అన్నాడు. నేను తోతాపురి సీజన్లో గేటు కాడ ట్రాక్టర్లు ఎట్ల నిలబడతాయి, తూకం స్లిప్పుకి ఇన్‌వాయిస్‌కి తేడా వస్తే రాత్రి రెండు గంటలప్పుడు కూడా నేనే ఎట్ల పట్టుకునేవాణ్ణి అని మొదలుపెట్టినా. ఒక నిమిషం కూడా కాలా, "సార్ ఆ ఫ్యాక్టరీ విషయం వద్దు, అది రెలవెంట్ కాదు, ప్రాజెక్ట్ చెప్పండి" అన్నాడు. ప్రాజెక్ట్ అంటే టైటానిక్ ఓడలో ఎవరు బతికినారు అనేది. కోర్సులో అందరం చేసింది అదే. రెజ్యూమెలో కూడా నా 11 ఏండ్లని ఒక్క లైన్ చేసి కింద పెట్టించినారు, పైన ఆ ఓడ.

శ్రీసిటీ_షిఫ్ట్:
ఇన్ని రోజులు చదివేవాణ్ణే గానీ ఎప్పుడూ రాయలేదు, ఈ పోస్ట్ చూసి రాయకుండా ఉండలేకపోతున్నా. నేను శ్రీసిటీలో ఒక ప్లాంట్‌లో ప్లానింగ్ చూస్తా, ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చుంటా. ఆ టైటానిక్ రెజ్యూమెలు నెలకి పదులకొద్దీ వస్తాయి, ఒకదానికీ ఇంకోదానికీ పేరు తప్ప తేడా ఉండదు.

అన్నా మొదట ఒక విషయం. మన పక్క ఫ్యాక్టరీల్లో, శ్రీసిటీ గానీ రేణిగుంట గానీ, "డేటా అనలిస్ట్" అని వెతికితే దాదాపు ఏమీ దొరకదు. ఆ పనికి ఇక్కడ పేరు ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్ (లెక్కల రిపోర్టులు తయారు చేసే పని), ప్రొడక్షన్ ప్లానింగ్, స్టోర్స్, లాజిస్టిక్స్ కోఆర్డినేటర్. మీకు పోర్టల్ ఇచ్చినవాళ్ళకి ఇది తెలియదు, తెలుసుకోవాలని చూడలేదు కూడా, నాకు కోపం వచ్చేది అక్కడే. నాలుగు ఫ్యాక్టరీల హెచ్‌ఆర్‌లకి ఫోన్ చేసుంటే తెలిసేది.

మేం పెట్టే టెస్ట్ చెప్తా. ఒక షీట్లో గేట్ ఎంట్రీలు, ఇంకో షీట్లో ఇన్‌వాయిస్‌లు ఇస్తాం, రెండూ కలిపి తేడాలు చూపించమంటాం, 40 నిమిషాలు. కొత్తగా కోర్సు చేసిన పిల్లలు ఫార్ములా చకచకా వేస్తారు, టోటల్ కూడా వస్తుంది. కానీ ఒకే లారీ రెండుసార్లు ఎంట్రీ పడిందని, ఎందుకంటే తూకం తేడా వచ్చి వెనక్కి పంపి మళ్ళీ లోపలికి రానిచ్చారని, అది చూడగానే తెలిసేది డిస్పాచ్‌లో నిలబడిన మనిషికే. ఆ రెలవెంట్ కాదన్న 11 ఏండ్లే మాకు కావాల్సింది. జీతం మాత్రం మొదట్లో మీ పాత జీతానికి కొంచెం అటూ ఇటూ ఉంటుంది, అది ముందే తెలుసుకుని రండి.

బైరాగిపట్టెడ_బాబు:
అక్కా మీ మేడం లాంటి మనిషి దొరికితే నేనూ కాదనను. కానీ ఎంతమందికి దొరుకుతుంది? పెద్ద సంస్థల్లో ఒక కెరీర్ కోచ్ కింద వందలమందిని పెడతారు, ఆయన ప్రతి శుక్రవారం ఎంతమందికి ఫోన్ చేస్తాడు. అందుకే అంటున్నా, చదువుకి వేరే ఫీజు, సపోర్ట్‌కి వేరే ఫీజు పెట్టాలి, కావాల్సినోళ్ళు తీసుకుంటారు. లేదా ఉద్యోగం వచ్చాకే డబ్బు తీసుకునే పద్ధతి.

పలమనేరు_నుంచి:
ఉద్యోగం వచ్చాక కట్టే పద్ధతి గురించి ఒక మాట, ఎందుకంటే నేను దాంట్లోనే ఇరుక్కున్నా. ఎవరిదో చెప్పను. అగ్రిమెంట్‌లో "ఏ ఉద్యోగం వచ్చినా, జీతం ఇంత దాటితే" అని ఉంది, నేను "ఏ" అనే అక్షరం పట్టించుకోలా. వాళ్ళు ఒక్క ఇంటర్వ్యూ కూడా తేలేదు, మా మేనమామ ద్వారా హోసూరులో ఒక వర్క్‌షాప్‌లో సూపర్‌వైజర్‌గా చేరినా, నేర్చుకున్నదానికీ దీనికీ సంబంధమే లేదు, అయినా వాళ్ళ లెక్కలో నేను ప్లేస్ అయినట్టే, కట్టమంటున్నారు. సంతకం పెట్టే ముందు జీతం లిమిట్ ఎంత, ఎన్నేళ్ళు కట్టాలి, ఏ పని లెక్కలోకి వస్తుంది, ఈ మూడూ చూసుకోండి దయచేసి.

తిరుచానూరు_అక్క:
బాబూ సపోర్ట్‌ని వేరే ఫీజు పెడితే ఏమవుతుందో తెలుసా, డబ్బులు తక్కువున్నోళ్ళు ముందు దాన్నే వదిలేస్తారు. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళే వదిలేస్తారు. నేనూ వదిలేసుండేదాన్ని, అప్పుడు నాకు అది ఏందో కూడా తెలీదు. అది చదువులో భాగమే. ఈత నేర్పేవాడు గట్టు మీద చేతులూపి చూపించి, బావిలో దిగేటప్పుడు ఇంటికి పోతే ఎట్ల?

ఇంకోటి, వందలమందికి ఒకడిని పెట్టడం వాళ్ళ తప్పు గానీ సపోర్ట్ అనేదాని తప్పు కాదు గదా. అమ్మేటప్పుడు ఫోన్లు చేసేదానికి మనుషులు దొరుకుతారు, నాకు చేరకముందు ఒకే వారంలో వేరే సంస్థ నుంచి 14 ఫోన్లు వచ్చినాయి. చేరినాక చేసేదానికి దొరకరా?

గాంధీరోడ్_అడ్వకేట్:
చట్టం వైపు నుంచి నాలుగు మాటలు. అగ్రిమెంట్‌లో "ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్" అని ఉందా "గ్యారంటీ" అని ఉందా ముందు చూడండి. అసిస్టెన్స్ అని ఉంటే ఉద్యోగం రాలేదని కేసు నిలబడటం కష్టం, కానీ ఇస్తామన్న సర్వీసు ఇవ్వలేదని, తప్పుడు ప్రకటన చేశారని అడగొచ్చు. యూనివర్సిటీ, కాలేజీ చదువుల విషయంలో కోర్టుల్లో వాదన ఉంది గానీ, కోచింగ్ సంస్థలు కన్స్యూమర్ చట్టం కిందికి వస్తాయని జాతీయ కన్స్యూమర్ కమిషన్ 2020లో చెప్పింది. 2024 నవంబర్‌లో కోచింగ్ ప్రకటనల మీద కేంద్రం గైడ్‌లైన్స్ కూడా తెచ్చింది, ఉద్యోగం ఖాయం లాంటి తప్పుడు హామీలు ఇవ్వకూడదని.

2019 చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా మీరు ఉండే చోటే కంప్లైంట్ వేయొచ్చు, బెంగళూరో ఢిల్లీయో తిరగక్కర్లేదు. కట్టిన డబ్బు 5 లక్షల లోపుంటే కమిషన్‌కి ఫీజు లేదు, రెండేళ్ళలోపు వెయ్యాలి. ముందు జాతీయ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి నమోదు చేయండి, చాలాసార్లు అక్కడే కదులుతుంది. ఫోన్‌లో చెప్పిన మాటకి సాక్ష్యం కావాలి కాబట్టి వాట్సాప్ మెసేజ్‌లు, యాడ్ స్క్రీన్‌షాట్లు ఇప్పుడే దాచుకోండి, వెబ్‌సైట్ రేపటికి మారిపోవచ్చు.

ఒక ముఖ్యమైన విషయం తమ్ముడూ, లోన్ వేరు, కోర్సు వేరు. కోపంతో ఈఎంఐ ఆపొద్దు, మీ సిబిల్ స్కోర్ మీదే పడుతుంది. కొత్తగా చేరేవాళ్ళు అయితే, ఆన్‌లైన్ లోన్లకి రిజర్వ్ బ్యాంక్ 2022లో రూల్స్ పెట్టింది, ఖర్చులన్నీ ఒకే పత్రంలో రాసివ్వాలి, తీసుకున్న మొదట్లో వాళ్ళు రాసిచ్చిన గడువులోపు అసలు, ఆ రోజుల వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటికి రావచ్చు. ఆ పత్రం అడిగి తీసుకోండి, అడక్కపోతే పీడీఎఫ్ మధ్యలో ఎక్కడో ఉంటుంది.

బైరాగిపట్టెడ_బాబు:
అక్కా ఆ బావి మాటకి నా దగ్గర జవాబు లేదు. ఫీజు విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నా, అంత డబ్బు లోన్ పెట్టించి తీసుకోవడం తప్పు. కానీ తీసుకున్నారు కాబట్టి చివరిదాకా ఉండాల్సిందే, ఆరు నెలలకి లాగిన్ మూసేయడం అన్యాయం, అది ఒప్పుకుంటా. నేను ఎనిమిది నెలలు తిరిగానని గొప్పగా రాశా గానీ నిజం చెప్పాలంటే ఆఖర్లో నా రూమ్మేటే వాళ్ళ మేనేజర్‌కి నా రెజ్యూమె ఇచ్చాడు. అది కూడా సపోర్టే, ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది.

కాణిపాకం_రోడ్:
అందరికీ దండాలు. అడ్వకేట్ సార్ చెప్పినట్టు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టినా, కంపెనీకి పొద్దున మెయిల్ పెట్టినా, వారంలో జవాబు రాకపోతే 1915కి చేస్తా. ఈఎంఐ ఆపను.

శ్రీసిటీ అన్నా, నిన్న రాత్రి కూచుని ఒకటి మొదలుపెట్టినా. 2025 సీజన్లో కాయ జాస్తి వచ్చి ఫ్యాక్టరీల ముందర ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడినాయి కదా, రైతులు బండి కిందే పండుకున్నారు. ఆ గేటు కాడ నేనే ఉన్నా. బండి వచ్చిన టైము, తూకం టైము, ఖాళీ అయిన టైము, ఏ గంటలో ఎక్కువ ఆగిపోతుందో పవర్ బీఐలో వేస్తా ఉండా. ఇట్లాంటిది చూపిస్తే మీవాళ్ళు చూస్తారా?

శ్రీసిటీ_షిఫ్ట్:
తప్పకుండా చూస్తారు. కానీ ఫ్యాక్టరీ అసలు డేటా పెట్టొద్దు అన్నా, బండి నంబర్లు, రైతుల పేర్లు ఏవీ ఉండకూడదు, అంకెలు మీరే మార్చి కొత్తగా తయారు చేసుకోండి, అలా చేశానని పైన ఒక లైన్ రాయండి. రెజ్యూమెలో 11 ఏండ్లు పైకి రావాలి, కోర్సు కిందికి పోవాలి. ఓడ తీసేయండి.

కాణిపాకం_రోడ్:
తీసేసినా అన్నా. ఇంగ్లీషులో రెండు పేరాలు రాసుకున్నా, ఎవరన్నా తప్పులు చూసిపెడితే బాగుంటుంది.

తిరుచానూరు_అక్క:
నాకు పంపు నాయనా, నేను చూస్తా. శుక్రవారం సాయంత్రం ఒకసారి ఫోన్లో మాట్లాడదాం, ఇంటర్వ్యూలో అడిగేవి నేను అడుగుతా, నువ్వు ఆ గేటు సంగతి మొత్తం చెప్పు.

బైరాగిపట్టెడ_బాబు:
పవర్ బీఐ ఫైల్ నాకు పెట్టన్నా, ఈ రాత్రికే చూస్తా.