చీమ కుట్టడమా, కరవడమా? అసలు ఆ ఫార్మిక్ ఏంటి?

ప్రశ్న: "శివుడి ఆజ్ఞ లేనిదే చీమైనా కుట్టదు" అంటాం, "చీమ కరిచింది" అనీ అంటాం. రెండూ ఒకటేనా? మా అమ్మాయి సైన్సు పుస్తకంలో చీమ కుడితే మంట పుట్టేది ఫార్మిక్ ఆమ్లం వల్ల అని ఉంది. ఆ ఫార్మిక్ ఎక్కడి మాటండీ?

జవాబు: లాటిన్‌లో ఫార్మికా అంటే చీమ. 1671లో జాన్ రే అనే ఆంగ్ల ప్రకృతి శాస్త్రవేత్త బోలెడన్ని చీమలను స్వేదనం చేసి ఈ ఆమ్లాన్ని రాబట్టాడు. పాపం చీమలు!

ఇక కుట్టడం, కరవడం. వెనక ఉన్న ముల్లుతో పొడిస్తే కుట్టడం, దవడలతో పట్టుకుంటే కరవడం. ఫార్మికా జాతి చీమలకు ముల్లు లేదు. అవి దవడలతో కరిచి, పొట్ట ముందుకు వంచి, ఆ గాయం మీదే ఆమ్లం చిమ్ముతాయి. ఆకులు కలిపి గూడు అల్లే ఎర్రచీమలదీ ఇదే పద్ధతి. అంటే ఇక్కడ "కరిచింది" అన్నవాళ్లదే రైటు. ఫైర్ యాంట్ అనే రకం మాత్రం నిజంగానే కుడుతుంది, కానీ దాని విషంలో ప్రధానంగా ఉండేది ఫార్మిక్ ఆమ్లం కాదు, ఆల్కలాయిడ్లు అనే వేరే రసాయనాలు. తేనెటీగ కుట్టినప్పుడు నొప్పికి ముఖ్య కారణం మెలిటిన్ అనే పెప్టైడ్, అంటే చిన్న ప్రోటీన్ లాంటిది. కాబట్టి పుస్తకంలో మాట కొన్ని చీమలకే వర్తిస్తుంది.

మరొకరు: అయితే "పిపీలికామ్లం" అని తెలుగు చేసుకుందామా?

జవాబు: అది తెలుగెక్కడండీ, సంస్కృతం! పైగా ఈ ఆమ్లం చీమల్లోనే ఉంటుందని కాదు. దీని రసాయన నామం మిథనోయిక్ ఆమ్లం, ఫార్ములా HCOOH, అంటే ఒక్కటే కార్బన్. వినెగార్‌లోని ఎసిటిక్ ఆమ్లానికి అన్నగారు అనుకోండి, బలంలో దానికి పదింతలు (ఆమ్లం బలాన్ని చెప్పే పీకేఏ సంఖ్య దీనికి 3.75, ఎసిటిక్‌కి 4.76; ఆ సంఖ్య తగ్గేకొద్దీ బలం ఎక్కువ). తమాషా ఏంటంటే కార్బన్‌కి నేరుగా ఒక హైడ్రోజన్ అంటుకుని ఉండటంతో ఇది ఆల్డిహైడ్ అనే మరో రకం పదార్థంలా కూడా సగం ప్రవర్తిస్తుంది. ఆల్డిహైడ్లను గుర్తించడానికి వాడే టోలెన్స్ కారకం అనే వెండి ద్రావణంతో వేడిచేస్తే పరీక్షనాళిక గోడకి వెండి పూత పడుతుంది. ఎసిటిక్ ఆమ్లం ఆ పని చేయలేదు. మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ తాగినవాళ్ల చూపు పోవడానికి కారణం కూడా ఇదే: శరీరం మిథనాల్‌ని ముందు ఫార్మాల్డిహైడ్‌గా, ఆపై ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది, అది కంటి నరాన్ని దెబ్బతీస్తుంది.

మొదటివారు: దూలగొండి దురద కూడా ఇదేనా?

జవాబు: కాదండీ. ఆ కాయ మీది నూగులో మ్యుకునైన్ అనే ప్రోటీన్ ఉంటుంది, దురద దానిదే. ఫార్మిక్ ఆమ్లం ఉండేది నెటిల్ అనే వేరే మొక్క ముళ్లలో. అక్కడ కూడా దురద పుట్టించే హిస్టమిన్‌లాంటివి తోడుంటాయి కాబట్టి తప్పంతా దీని మీదికే నెట్టేయలేం.