పింక్ ఫ్లాయిడ్ పెట్టుకుని రాస్తే కథ పరిగెడుతుంది, మర్నాడు చదివితే చప్పగా ఉంటుంది. ఎందుకు?

రాత్రిరాత: పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ ఈమధ్యే పరిచయం. 'విష్ యూ వర్ హియర్' ఆల్బమ్ దగ్గరే ఆగిపోయాను. రెండు సందేహాలండి. పదిహేను స్టూడియో ఆల్బమ్‌లున్నాయి కదా, ఏ వరసలో వినాలి? రెండోది: అది మోగుతుంటే కథ తన్నుకొస్తుంది, పాట లేకుండా చదువుకుంటే పేజీలో ఏమీ ఉండదు. లోపం ఎక్కడ?

మూడో_తీగ: మొదటిదానికి చెప్తాను. విడుదలైన వరసలో మాత్రం వద్దు. పేరొకటే గానీ లోపల మూడు బ్యాండ్లున్నాయి. 1967 నాటి తొలి ఆల్బమ్‌లో పాటలు చాలావరకు అప్పటి గాయకుడు, గిటారిస్టు సిడ్ బారెట్ రాసినవి. 1968లో అతను వెళ్ళిపోయాక పగ్గాలు మెల్లగా బేస్ గిటార్ వాయించే రోజర్ వాటర్స్ చేతికొచ్చాయి. 1983 ఆల్బమ్ అయితే దాదాపు ఆయన సొంతమే. 1987 నుంచి గిటారిస్టు డేవిడ్ గిల్మర్ నడిపిన దశ. ఒక దశ నచ్చినవాళ్ళకి ఇంకోటి అస్సలు ఎక్కకపోవచ్చు.

మిమ్మల్ని పట్టుకున్న 'విష్ యూ వర్ హియర్' 1975ది కాబట్టి దానికి అటూ ఇటూ వెళ్ళండి. వెనక్కి 1973 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', 1971 'మెడిల్'. ముందుకి 1977 'యానిమల్స్', 1979 'ది వాల్'. బారెట్ కాలం చివర్లో వినండి. మీరు విన్న ఆల్బమ్‌లోని 'షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్' పాట అతని గురించే అని తెలిసి వింటే ఆ తొలి ఆల్బమ్ ఇంకోలా వినిపిస్తుంది.

యాప్‌లో షఫుల్ ఆపండి, క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివర్ని తర్వాతి పాట మొదలుతో కలిపేసే సెట్టింగ్) సున్నాకి తెండి. 'డార్క్ సైడ్'లో పాటలు ఒకదాంట్లోంచి ఒకటి పుడతాయి, క్రాస్‌ఫేడ్ ఉంటే ఆ అతుకు చెడిపోతుంది. ఎల్‌పీ రికార్డు ఒక వైపు ఇరవై నిమిషాల చిల్లర, ఒకసారి కూర్చుంటే ఒక వైపు చాలు. 'మెడిల్' రెండో వైపంతా 'ఎకోస్' అనే ఒక్క పాటే, 23 నిమిషాలు. మొదటిసారి సాహిత్యం చూడకుండా, రెండోసారి చూస్తూ.

చిత్తుప్రతి: రెండోదానికి. దిగులు మీ చెవిలో ఉంది, కాగితం మీదకి రాలేదు. "అతను కిటికీ దగ్గర నిలబడ్డాడు" అని రాశారనుకోండి. వెనక గిటార్ మోగుతున్నప్పుడు గుండె పట్టేస్తుంది. గిటార్ తీసేస్తే మిగిలేది ఒక మనిషి, ఒక కిటికీ. వాక్యం చెయ్యాల్సిన పని పాట చేసిపెట్టింది, అంతే. రాసే ముందు వినండి, రాసేటప్పుడు ఆపెయ్యండి.

పాట నుంచి తెచ్చుకోవాల్సింది దాని కట్టుబడి. పేజీ మధ్యలో నిలువుగీత గియ్యండి. ఎడమవైపు నిమిషం, అక్కడ వినిపించింది. కుడివైపు కథలో అక్కడ జరగాల్సింది. 'షైన్ ఆన్' మొదటి భాగం పదమూడున్నర నిమిషాలు. ఆ నాలుగు స్వరాల గిటార్ పలుకు నాలుగో నిమిషం దగ్గరపడితే గానీ రాదు. గొంతు వచ్చేది ఎనిమిదిన్నర దాటాకే. అంటే దాదాపు మూడింట రెండు వంతుల పాట అయ్యేదాకా మనిషే లేడు.

దీన్ని 900 మాటల కథకి కొలిస్తే 260వ మాట దగ్గర ఒక చిన్న గుర్తు పడాలి: తాళం వేసిన గది, ఒంటి చెప్పు, ఏదైనా సరే. ముఖ్యపాత్ర నోరు విప్పేది 570 దాటాక. చాలామంది బోల్తాపడేది ఇక్కడే, ఆ 570 మాటల్నీ వర్ణనతో నింపేస్తారు. పాటలో గొంతు లేకపోయినా కొత్త సంగతి వస్తూనే ఉంటుంది. కథలోనూ వంద మాటలకొక కొత్త సమాచారం పడకపోతే పాఠకుడు లేచిపోతాడు.

మిశ్రగతి: నడక సంగతి కూడా చూడండి. 'మనీ' పాట ఏడు దెబ్బల లెక్కలో నడిచి, గిటార్ సోలో దగ్గర నాలుగుకి మారుతుంది. మన లెక్కలో మిశ్రం నుంచి చతురస్రానికి. ముత్యాల సరం కూడా ఏడేడు మాత్రల నడకే, మన చెవికి కొత్తేం కాదు. వచనంలో మాత్రలు లెక్కపెట్టనక్కర్లేదు. కాస్త కుంటే పొడవాటి వాక్యాలతో నడిపి, గొడవ ముదిరే చోట సమానంగా తెగే పొట్టి వాక్యాలకి మారితే అదే పని జరుగుతుంది. ఒక్కసారే మారండి. పేరాకోసారి మారిస్తే ఎవరికీ తెలీదు.

రాసేటప్పుడు పూర్తిగా ఆపాలన్నదానితో మాత్రం నేను ఒప్పుకోను. గొంతు లేని ఒకే ట్రాక్, తక్కువ వాల్యూమ్‌లో, మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. కొత్త ఆల్బమ్ పెడితే మాత్రం మీరు రాయరు, వింటారు.

రాత్రిరాత: పాట ఇంగ్లిష్, రాత తెలుగు. అయినా మాటలు అడ్డమేనా?

చిత్తుప్రతి: కొంత అడ్డమే. 1976లో కోల్, వెల్ష్ చేసిన ప్రయోగంలో జర్మన్ తెలియనివాళ్ళకి జర్మన్ పాఠం వినిపించినా అక్షరాల వరస గుర్తుంచుకోవడంలో తప్పులు పెరిగాయి. అది కాసేపటి జ్ఞాపకం మీద ప్రయోగం, కథారచన మీద కాదు. కానీ వాక్యం కట్టేటప్పుడు సగం వాక్యాన్ని మనసులో పట్టుకోవాలి కదా.

గొంతు కావాల్సిందే అంటే సిగుర్ రోస్ అనే ఐస్‌లాండ్ బ్యాండ్ 2002 ఆల్బమ్ వినండి. పేరు బదులు రెండు బ్రాకెట్లు, ఎనిమిది పాటలకీ పేర్లు లేవు, పాడింది అర్థంలేని కల్పిత భాషలో. దాంతో ఇచ్చిన పుస్తకం కూడా ఖాళీ, వినేవాళ్ళు తమ మాటలు రాసుకోవడానికి. నాలుగో పాట తర్వాత 36 సెకన్ల నిశ్శబ్దం. అక్కడ కలం ఎత్తి, మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు వేరే పాత్ర కళ్ళతో రాయండి.

మిశ్రగతి: ఒక ప్రమాదం ఉంది. ఈ తరహా సంగీతం మెల్లగా మొదలై చివర్లో ఉప్పొంగుతుంది. దానితోనే రాస్తూ పోతే ప్రతి సన్నివేశమూ వర్షంతోనో ఏడుపుతోనో ముగుస్తుంది. వరసగా మూడు ముగింపులు అలాగే వస్తే ట్రాక్ మార్చండి. దిద్దేటప్పుడు ఏ పాటా వద్దు, పైకి చదవండి. పాట గుర్తొస్తే తప్ప బాగోని వాక్యం కింద గీత గీసి, ఆ గీతల్నే తిరగరాయండి.