కోవూరులో పాత డీజిల్ కారు చూడడానికి వెళ్తున్నాను, ఏమేమి పరిశీలించాలి?

ప్రశ్న (కందుకూరు వాసి)

అందరికీ నమస్కారం. కోవూరులో ఒకరు 2017 మోడల్ స్విఫ్ట్ డీజిల్ కారును మధ్యవర్తి లేకుండా అమ్ముతున్నారని తెలిసింది. ఈ ఆదివారం సింగరాయకొండలో రైలెక్కి నెల్లూరులో దిగి, అక్కడి నుంచి వెళ్లి చూడాలనుకుంటున్నాను. ఫోటోల్లో బండి శుభ్రంగా ఉంది. మీటరు 78 వేల కిలోమీటర్లు చూపిస్తోంది. ఆర్‌సీ తన బావమరిది పేరున ఉందని, ఆయన సంతకాలు చేసిన ఫారాలు తన దగ్గరే ఉన్నాయి కనుక ఇబ్బందేమీ లేదని అమ్మేవారు చెబుతున్నారు. నచ్చితే అదే రోజు డబ్బు కట్టి, బండి నడుపుకుంటూ ఇంటికి వచ్చేద్దామని ఉంది. నాకు డ్రైవింగ్ వచ్చు గానీ ఇంజను సంగతులు తెలియవు. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

జవాబు (నెల్లూరు, మెకానిక్)

కోవూరు అన్నారు కాబట్టి ముందు నీటి సంగతి చెబుతాను. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదలో కోవూరు పక్కనే ఉన్న పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదికే నీళ్లెక్కాయి. ఆ రోజుల్లో ఈ బండి ఎక్కడ ఉందో అమ్మేవారిని నేరుగా అడగండి. కోవూరు బండ్లన్నీ మునిగినవేనని నా ఉద్దేశం కాదు, కానీ మునిగిన బండికి సీటు కవర్లు మార్చి, పాలిష్ పెట్టించి ఫోటోలు తీయడం పెద్ద పనేమీ కాదు. సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగి చూడండి. లోపలి భాగంలో మట్టి చార కనిపిస్తే నీళ్లు అంతవరకు వచ్చాయన్నమాట. స్టెప్నీ తీసి దాని కింది గుంటను, సీట్లు జరిగే పట్టాలను, డాష్‌బోర్డు కింది వైర్ల కనెక్టర్లను టార్చి వేసి చూడండి. కార్పెట్ ఎత్తినప్పుడు ముక్క వాసన వచ్చినా, దాన్ని కప్పిపుచ్చడానికి సెంటు దట్టంగా కొట్టి ఉన్నా అనుమానించాల్సిందే.

తరువాత ఇంజను. మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందు రోజే చెప్పి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉన్న ఇంజను తన జబ్బులను దాచుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టకుండానే అందుకోవాలి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్లు. ఆయిల్ మూత లోపల మీగడ లాంటి తెల్లటి పదార్థం ఉంటే ఆయిల్‌లో నీరు కలుస్తోందేమో చూపించుకోవాలి. మీటరును మాత్రం నమ్మకండి. కంపెనీ సర్వీస్ సెంటర్ బిల్లులు అడిగి, వాటిలో తేదీ వారీగా రాసిన కిలోమీటర్లతో సరిపోల్చండి.

జవాబు (ఒంగోలు, బీమా ఏజెంటు)

ఇంజను కంటే మీరు ఒక్క వాక్యంలో దాటేసిన బావమరిది మాటే నన్ను ఎక్కువగా ఆపింది. చట్టం దృష్టిలో ఆర్‌సీలో పేరున్నవారే యజమాని. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత కూడా వారిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి పేరు మార్పు త్వరగా జరగడం మీకంటే ఆ బావమరిదికే ఎక్కువ అవసరం. ఆయన మీ ఎదుట కూర్చుని, పేరు మార్పుకు కావాల్సిన 29, 30 నంబరు ఫారాల మీద సంతకం చేయకుండా, ఎప్పుడో చేసిపెట్టిన ఖాళీ ఫారాలతో బేరం ముగించకండి. డబ్బు కూడా బ్యాంకు ద్వారా ఆయన ఖాతాకే పంపి, రసీదు తీసుకోండి.

బయలుదేరే ముందే పరివాహన్ అనే ప్రభుత్వ రవాణా వెబ్‌సైటులో బండి నంబరు కొట్టి, దాని మీద అప్పు, బీమా గడువు, చలానాలు చూడండి. ఫైనాన్స్ పేరు ఇంకా కనిపిస్తుంటే, అప్పు తీరిపోయిందన్న నోటిమాట చాలదు. అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఆర్‌సీలో ఆ అప్పును కొట్టేయించే 35వ ఫారం ఉండాలి. బీమా విషయంలో చాలామంది పొరబడతారు. థర్డ్ పార్టీ రక్షణ, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి ఇచ్చే బీమా, బండితోపాటు మీకు వస్తుంది, సొంత బండికి జరిగే నష్టం మాత్రం పాలసీ మీ పేరుకు మారితేనే వర్తిస్తుంది. అందుకు 14 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, పాత యజమానితోనే పోతుంది, ధర మాట్లాడేటప్పుడు దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఇంత పని ఉండగా ఆదివారం ఎందుకండీ? బ్యాంకూ ఉండదు, రవాణా కార్యాలయమూ ఉండదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఫోన్ చేసి అడిగితే, వరద సమయంలో బండి బావమరిది దగ్గర చెన్నైలో ఉందని చెప్పారు. ఆయన సోమవారం కోవూరు వస్తారట, సంతకాలు నా ముందే చేస్తారట. ప్రయాణం సోమవారానికి మార్చుకున్నాను.

జవాబు (నెల్లూరు, మెకానిక్)

మంచిది. అయితే చెన్నైకి 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో వచ్చిన నీళ్లు పెన్న వరదకు తీసిపోయినవి కావు. అప్పుడు కూడా బండి అక్కడే ఉందా అని అడగండి, సీటు బెల్టు పరీక్ష మానవద్దు. దగ్గర్లోని మెకానిక్‌ను, బండి కంప్యూటరులో నమోదైన లోపాలను చదివే స్కానర్‌తో సహా వెంట తీసుకువెళ్లండి. ఆయనకిచ్చే కూలి ఎంతైనా మీ బేరంలో చిన్న మొత్తమే. లోపం బయటపడితే రైలు ఖర్చు పోయిందని బాధపడకుండా ఖాళీ చేతులతో వెనక్కి రండి.