అమెరికాలో ఎంఎస్ చదివే అబ్బాయి: ఫోన్ ఎత్తడు, ఎత్తినా మాట్లాడడు. ఇక్కడి నుంచి మేమేం చేయాలి?

ప్రశ్న (ఖమ్మం నుంచి ఒక తల్లి)

నమస్తే అండీ. మావాడు ఈ ఆగస్టులో డాలస్ దగ్గర ఎంఎస్‌లో చేరాడు. మొదటి నెలంతా రోజూ వీడియో కాల్. ఇప్పుడు వారానికోసారి, అదీ "బాగానే ఉన్నా, తిన్నా, పెట్టేస్తున్నా" అంతే. మావారికేమో పార్ట్‌టైమ్ దిగులు. పక్కింటి వాళ్లబ్బాయి ఖర్చులన్నీ తనే చూసుకుంటున్నాడట, మనవాడికేం రోగం అంటారు. 30 లక్షలు లోన్ తీసుకున్నాం మరి. యూనివర్సిటీకి మెయిల్ పెట్టి చదువెలా ఉందో కనుక్కుందామా అనుకుంటున్నాం. తెలిసినవాళ్లు చెప్పండి.

హనుమకొండ నుంచి, ఇద్దరు ఆడపిల్లలు అక్కడే ఉన్న తండ్రి

అమ్మా, ముందు ఆ మెయిల్ ఆపండి. అక్కడ ఫెర్పా అని 1974 నాటి చట్టం ఉంది. కాలేజీలో చేరాక మార్కులైనా, ఫీజు బాకీ అయినా పిల్లవాడి సొంత వివరాలు. వాడు ఒప్పుకుని రాసిస్తే తప్ప మనకు చెప్పరు. ఫీజు కట్టింది మనమే కదా అంటే అక్కడ చెల్లదు. మా పెద్దమ్మాయి వెళ్లిన ఏడాది నేనూ ఆ ఘనకార్యం చేశాను. రెండు లైన్ల మర్యాద జవాబు వచ్చింది. సంగతి తెలిసి అమ్మాయి ఇరవై రోజులు నాతో మాట్లాడలేదు.

ఇక ఫోన్. మీరు ఏ వేళకు చేస్తున్నారు? డాలస్ ఇప్పుడు మనకంటే పదిన్నర గంటలు వెనక. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం మార్చాక పదకొండున్నర గంటలు. మీరు సాయంత్రం 6కి తీరిగ్గా చేస్తే వాడికి పొద్దున్న ఏడున్నర, క్లాసుకు పరుగెత్తే వేళ. రాత్రి అన్నాలయ్యాక చేస్తే క్లాసులోనే ఉంటాడు. ఆదివారం పొద్దున్న 8కి చేసి చూడండి, వాడికి శనివారం రాత్రి తొమ్మిదిన్నర. మా చిన్నది ఆ టైముకి వంట పెట్టుకుంటుంది. ఫోన్‌ని ఉప్పు డబ్బాకి ఆనించి పెడుతుంది, మాకు సగం సీలింగే కనిపిస్తుంది. నేను ప్రశ్నలేమీ వెయ్యను. "తాలింపు మాడుతోంది, వాసన ఇక్కడిదాకా వచ్చింది" అంటాను. ఆ నవ్వులో పడి రూమ్మేట్ గొడవ, అర్థంకాని సబ్జెక్టు అన్నీ తనే చెబుతుంది.

పార్ట్‌టైమ్ గురించి మీవారికి గట్టిగా చెప్పండి. ఎఫ్-1 (అంటే విద్యార్థి) వీసా మీద మొదటి ఏడాది క్యాంపస్‌లోనే పని చేయాలి, క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు దాటకూడదు. బయట గ్యాస్ స్టేషన్లో నగదుకు చేస్తే వీసాకే ఎసరు. పక్కింటి అబ్బాయి ఎక్కడ చేస్తున్నాడో మీరు అడగలేదు, వాళ్లూ చెప్పరు. ఇంట్లో ఈ పోలిక వినీ వినీ విసిగిపోయే కొందరు పిల్లలు ఆ గ్యాస్ స్టేషన్ మెట్లెక్కుతారు.

గుంటూరు నుంచి, బ్యాంకులో చేసి రిటైరైనవారు

డబ్బు వైపు నాలుగు మాటలు. అబ్బాయికి డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో నింపే ఏ2 ఫారంలో కారణం "విదేశీ చదువు" అనే రాయించండి. "కుటుంబ పోషణ" అని పడితే ఏడాదిలో 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకే ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు. చదువుకైతే రేటు బాగా తక్కువ. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ నుంచి వెళ్లే ఫీజుకైతే 2025 ఏప్రిల్ నుంచి అసలు లేదు. పట్టుకున్నది పోదు, ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుకోవచ్చు. ఈ 10 లక్షల లెక్క పంపే మనిషి పాన్ మీద, కాబట్టి మీకు వేరు, మీవారికి వేరు.

లోన్ వడ్డీకి ఇప్పుడు గడువు ఉన్నా, వీలైతే నెలనెలా కట్టేయండి. వడ్డీ 10.5 శాతం అనుకుంటే 30 లక్షల మీద నెలకు 26,250. ఆ భారం పెరగకుండా ఆపడం కన్నా పెద్ద సాయం నాకైతే తోచదు. అబ్బాయి ఇక్కడి సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓగా (విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడుండే ఖాతా) మార్పించండి. ఇక్కడి సిమ్‌కి రీఛార్జ్ మరవకండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి.

డాలస్ నుంచి, రెండో ఏడాది విద్యార్థి

ఆంటీ, అక్టోబరంటే మిడ్‌టర్మ్‌లు, అంటే సెమిస్టర్ మధ్యలో పరీక్షలు. నేనూ అప్పుడు ఫోన్ ఎత్తలేదు, కోపమేం లేదు. "ఇంటర్న్‌షిప్ వచ్చిందా" అని మాత్రం ఈ నెల అడక్కండి.

ఒకటి తప్పకుండా చెప్పండి. "మీ ఫీజు మేం కడతాం, మాకు పది శాతం తక్కువివ్వండి" అని తెలుగులోనే మాట్లాడుతూ మోసగాళ్లు వస్తారు. కట్టేది దొంగ కార్డుతో. కొన్నాళ్లకు ఆ చెల్లింపు రద్దయి ఫీజు మళ్లీ నెత్తిన పడుతుంది. ఇంకోటి, ఏదైనా సబ్జెక్టు వదిలేస్తానంటే అరవకండి, కానీ యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల సంగతి చూసే ఇంటర్నేషనల్ ఆఫీసు వాళ్లని అడక్కుండా వదలొద్దనండి. ఫుల్‌టైమ్ కన్నా తగ్గితే వీసాకి ఇబ్బంది. మరీ ముభావంగా, నిద్రాహారాలు లేకుండా ఉన్నాడనిపిస్తే క్యాంపస్‌లో కౌన్సెలింగ్ సెంటర్ ఉంటుంది, మనసు బాగోలేనప్పుడు సాయం చేసే 988 నంబరుకి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. వెళ్లమని మీరంటేనే వెళ్తాడు, మాకు సిగ్గు.

ఖమ్మం తల్లి, రెండు వారాల తర్వాత

అందరికీ దండాలండీ. ఆదివారం పొద్దున్న 8కి చేశాం. గుడ్లు ఉడకబెడుతున్నాడు. నలభై నిమిషాలు మాట్లాడాడు! ఒక పేపర్లో 52 వచ్చాయట, అది మాకెలా చెప్పాలో తెలియక ఎత్తలేదట. మావారు పక్కనే ఉన్నారు, పార్ట్‌టైమ్ ఊసెత్తలేదు. "పొట్టు సరిగ్గా రావాలంటే చన్నీళ్లలో వెయ్యరా" అన్నారంతే. జనవరిలో మా వీధి అమ్మాయి అటే వెళ్తోంది. గోంగూర పచ్చడి, చికెన్ పచ్చడి పంపొచ్చా?

హనుమకొండ

గోంగూర పంపండి. నూనె కారకుండా గట్టిగా సీలు చేయించండి, ఆహారం ఉందని దిగగానే డిక్లేర్ చేయమనండి ఆ అమ్మాయిని. చికెన్ పచ్చడి, పచ్చి కరివేపాకు వద్దు, తీసి పారేస్తారు.