ఏడీహెచ్‌డీ మాత్రలు పెద్దవాళ్లకి నిజంగా అవసరమా?

గోదారోడు:
మా ఆఫీసులో ఇద్దరికి ముప్పై దాటాక ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస కుదరని సమస్య, ఉందని తేలిందట, మాత్రలు మొదలెట్టారు. నన్నడిగితే బద్ధకానికీ ఫోన్ పిచ్చికీ పెట్టిన కొత్త పేరు ఇది. పైగా దానికిచ్చే మిథైల్‌ఫెనిడేట్ మాత్ర, గంజాయి కేసులు పెట్టే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికే వస్తుంది. రోజూ మింగాలా అది? వాడినవాళ్లు చెప్పండి.

మియాపూర్ మెట్రో:
నేను వాడుతున్నా అన్నా. చట్టం మాట నిజమే, అది షెడ్యూల్ ఎక్స్, అంటే అమ్మకంపై గట్టి ఆంక్షలున్న మందు కూడా. అమ్మడానికి వేరే లైసెన్స్ కావాలి, చీటీ రెండు కాపీలు ఇవ్వాలి, ఒకటి షాపువాళ్లు రెండేళ్లు దాచాలి. ఈ గోలంతా ఎందుకని మా వీధి మెడికల్ షాపతను అసలు తెప్పించడు. కానీ మార్ఫిన్ కూడా ఆ చట్టంలోదే కదా, క్యాన్సర్ నొప్పికి ఇవ్వడం లేదా? ఇక బద్ధకం అంటారా, బద్ధకస్తుడు హాయిగా పడుకుంటాడు, నేనేమో ఐదు నిమిషాల మెయిల్ ముందు పెట్టుకుని, నన్ను నేనే తిట్టుకుంటూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చునేవాణ్ణి. మాత్ర వేసుకున్న అరగంటకో గంటకో తలలో రొద తగ్గుతుంది, అంతే. పని దానంతటది అవ్వదు. ఓసారి మందు పనిచేసే ఆ మూడు నాలుగు గంటలూ ఎక్సెల్ షీట్‌కి రంగులేయడంలోనే పోయాయి! మధ్యాహ్నం ఆకలి వేయదు, లంచ్ బాక్స్ అలాగే తెస్తే మా ఆవిడతో గొడవ. సాయంత్రం మందు దిగేటప్పుడు ఊరికే చిరాకు.

కృష్ణలంక పిల్ల:
నాకు అదే మందు పడలేదండి. గుండె దడ, రాత్రంతా మెలకువ. డాక్టరుగారు అటమాక్సెటిన్‌కి మార్చారు. అది ఆ చట్టంలోది కాదు కానీ గుణం కనపడటానికి వారాలు పడుతుంది, మొదట్లో పరగడుపున వేసుకుంటే కడుపులో తిప్పేసేది, ఇడ్లీ తిన్నాకే వేసుకునేదాన్ని. గోదారోడు గారి అనుమానంలో కొంత న్యాయం ఉంది. పది నిమిషాలు మాట్లాడి తేల్చేసే డాక్టర్లూ ఉన్నారు. మా డాక్టరుగారు నా చిన్నప్పటి ప్రోగ్రెస్ కార్డులు తెమ్మన్నారు, అమ్మతో విడిగా మాట్లాడారు, ఎందుకంటే పన్నెండేళ్లలోపే లక్షణాలు కనపడి ఉండాలి.

గోదారోడు:
కార్డులు చూసి ఇచ్చారంటే సరే. మరి జీవితాంతం వాడాల్సిందేనా?

మియాపూర్ మెట్రో:
ఎవరన్నారు? అప్పుడప్పుడు ఆపి చూద్దామనే మా డాక్టర్ అంటారు. ఆయనతో మాట్లాడాకే నేను ఆదివారాలు మాత్ర మానేశా. ఆ రోజు మా ఆవిడ నన్ను కూరగాయలకి పంపదు, పంపినా చీటీ రాసిచ్చి మళ్లీ ఫోన్ చేస్తుంది.