స్లైగోలో నాక్‌నరే కొండ: మోకాలి నొప్పితో ఏ దారిన ఎక్కాలి?

పెదవాల్తేరు_లెక్కలటీచర్ · మే 9

అందరికీ నమస్కారం. మాది విశాఖ, పెదవాల్తేరు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. నాకు 63 ఏళ్లు.

మా అమ్మాయి వాళ్లు ఐర్లండ్‌లో స్లైగో అనే ఊళ్లో ఉంటారు. జూన్‌లో వెళ్లి ఆరు వారాలుంటాను. వాళ్ల వంటింటి కిటికీలోంచి ఒక కొండ కనిపిస్తుంది. ఏడాదిగా వీడియో కాల్‌లో దాన్నే చూస్తున్నాను. పక్కన ఆనుకుని ఇంకో కొండంటూ లేకుండా ఒక్కటే లేచి ఉంటుంది. నడినెత్తిన కొప్పు పెట్టినట్టు ఒక రాళ్ల గుట్ట. దాని పేరు నాక్‌నరే అని, ఎత్తు 327 మీటర్లని, పైకెళ్తే నాలుగు దిక్కులా కనబడుతుందని అల్లుడు చెప్పాడు. అప్పట్నుంచి నా మనసంతా దాని మీదే ఉంది.

కొండెక్కడం నాకు కొత్త కాదు. చిన్నప్పుడు సింహాచలం ఎప్పుడూ మెట్లదారినే వెళ్లేవాళ్లం. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడితే మా నాన్న మధ్యలో ఎక్కడా కూర్చోనిచ్చేవారు కాదు. ఇప్పటికీ వారానికి రెండుసార్లు కైలాసగిరి మెట్లెక్కుతాను. కిందటి కార్తీకంలో మాత్రం సింహాచలం మెట్లు దిగుతుంటే కుడి మోకాలు పట్టేసింది. ఎక్స్‌రే తీసి అరుగుదల మొదలైందన్నారు. ఎక్కేటప్పుడు ఏ బాధా లేదు. దిగేటప్పుడే, అందులోనూ మెట్లయితే, లోపల సూది గుచ్చినట్టుంటుంది.

పైకి రెండు దారులున్నాయట. నాకు ఏది నప్పుతుంది? పిల్లలిద్దరికీ ఉద్యోగాలు, ఒక్కదాన్నే వెళ్లాల్సి రావచ్చు. ఇంకోటి, ఆ గుట్ట ఎవరో రాణిగారి సమాధి అంటున్నారు. అక్కడ ఒక పువ్వు పెట్టి అగరుబత్తి వెలిగించుకోవచ్చా? ఎక్కినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

రుషికొండ_అల · మే 9

ఆంటీ, తప్పకుండా వెళ్లండి. డబ్లిన్‌లో చదువుకునేటప్పుడు ఫ్రెండ్స్‌తో రైల్లో స్లైగో వెళ్లి, స్ట్రాండ్‌హిల్ వైపు నుంచి ఎక్కాం. స్ట్రాండ్‌హిల్ అంటే కొండకి పడమర పక్క సముద్రపు ఊరు, సర్ఫింగ్‌కి పేరు. రగ్బీ క్లబ్ కార్ పార్క్ దగ్గర దారి మొదలవుతుంది. చెట్లలోంచి చెక్క మెట్లు, చెక్క పలకల బాట. సముద్రం మన వీపు వెనకే ఉంటుంది. ఆయాసం వచ్చి ఆగి వెనక్కి తిరిగిన ప్రతిసారీ ఇంకాస్త విశాలంగా కనబడుతుంది. నేనైతే ఆ దారే చెప్తాను.

సీతమ్మధార_సిస్టర్ · మే 10

అమ్మా, నమస్తే. నేను నర్సుని. స్లైగోలో ఏడేళ్లు పనిచేసి రెండేళ్ల కిందట విశాఖ వచ్చేశాను. ఆ కొండ ఎన్నిసార్లు ఎక్కానో చెప్పలేను. నైట్ డ్యూటీ దిగాక నిద్ర రాదనిపిస్తే ఇంటికి పోకుండా నేరుగా అక్కడికే పోయేదాన్ని. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

తమ్ముడు చెప్పిన దారి నిజంగానే చాలా బాగుంటుంది. కానీ "దిగేటప్పుడే, అందులోనూ మెట్లయితే" అన్నారు చూడండి, ఆ ముక్క చదివాక మీకు దాన్ని చెప్పబుద్ధి కావడం లేదు. స్ట్రాండ్‌హిల్ సముద్రం ఒడ్డున ఉంది. అంటే ఆ 327 మీటర్లలో చాలావరకు మీ కాళ్లే మొయ్యాలి. కొండ ఎక్కడ బాగా నిటారో మెట్లు కూడా అక్కడే. వాన పడ్డాక చెక్క జారుతుంది, అక్కడ వాన పడని వారం ఉండదు.

మీకు తూర్పు దారి మంచిది. స్లైగో నుంచి కారోమోర్ మీదుగా వెళ్తే కొండకి ఆగ్నేయం పక్క ఇంకో కార్ పార్క్ వస్తుంది. అది అప్పటికే కొండ భుజం మీద ఉంటుంది కనక ఎక్కాల్సింది తగ్గుతుంది. ఎక్కువ భాగం వెడల్పాటి రాళ్ల బాట, ఏటవాలుగా పోతుంది. మొదట్లో ఊపిరి ఎగబోస్తుంది, కంగారు పడకండి, పైకి వెళ్లేకొద్దీ వాలు తగ్గుతుంది. మీ నడకకి రానూ పోనూ రెండు గంటలు పెట్టుకోండి. పైన కూర్చునే సమయం దీనికి అదనం.

ఆ బాట పక్కన కంచె తీగలకి గొర్రెల ఉన్ని తెల్లగా చిక్కుకుని ఉండేది. అది అలా వేలాడుతుంటే సరే. తీగకి అడ్డంగా లేచి కొట్టుకుంటుంటే పైన గాలి నిలబడనివ్వదని అర్థం. నేను ఫోన్లో వాతావరణం చూడటం మానేసి ఆ ఉన్నినే చూసేదాన్ని. మీకు ఇంకా సులువు, కిటికీ ఉంది కదా. పొద్దున్నే కొండ నెత్తిన గుట్ట కనబడకపోతే ఆరోజు వంట చేసుకోండి. మబ్బులోకి ఎక్కి చూసేదేమీ ఉండదు, పైగా దారి తప్పుతారు. జూన్‌లో అక్కడ రాత్రి పది దాటేదాకా వెలుగుంటుంది, పొద్దున వాన పడినా సాయంత్రం ఆరింటికి బయల్దేరొచ్చు. మనకి విశాఖలో జూన్ అంటే ఉక్కపోత. అక్కడ స్వెట్టరూ దాని మీద రెయిన్‌కోటూ రెండూ కావాలి. గొడుగు మాత్రం తీసుకెళ్లకండి, గాలికి ఊచలు విరిగి చేతిలో మిగులుతాయి.

ఇక మోకాలు. నడక కర్రలు రెండు కొనిపించండి, ఒకటి చాలదు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. దిగేముందు కర్రల పొడవు కాస్త పెంచుకోండి, బరువు మోకాలి మీద పడకుండా చేతులు తీసుకుంటాయి. ఇవాళ్టి నుంచే రోజూ వెల్లకిలా పడుకుని, కాలు వంచకుండా జానెడు ఎత్తి పది అంకెలు లెక్కపెట్టి దించండి. రెండు కాళ్లకీ. తొడ కండరం గట్టిపడితే మోకాలికి అదే ఆసరా. మీ డాక్టరుగారికీ ఒక మాట చెప్పి వెళ్లండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది. ఆ గుట్ట మీదకి ఎక్కకండి. అది దాదాపు 55 మీటర్ల వెడల్పు, 10 మీటర్ల ఎత్తు ఉన్న రాళ్ల పోగు. సుమారు 5,000 ఏళ్ల నాటిది. ఇంతవరకూ తవ్వలేదు. లోపల సమాధి గది ఉందని పురావస్తువాళ్ల నమ్మకం. ఎక్కొద్దని అక్కడ బోర్డులున్నాయి. అయినా ఎక్కుతారు. ఎందుకంటే కింద ఎక్కడ నిలబడినా నాలుగు దిక్కులూ ఒకేసారి కనబడవు, గుట్ట అడ్డం వస్తుంది. ఒకరోజు నా కళ్లముందే ఒక గుంపు పైకెక్కి దిగుతుంటే, పిడికెడంత రాళ్లు గలగలమని జారి గడ్డిలోకి పడ్డాయి. ఎవరూ వెనక్కి చూడలేదు. నేను వాటిని అలాగే వదిలేసి వచ్చాను, తీసి పెట్టడానికి ఏది ఎక్కడిదో నాకు తెలియదు కదా. మన భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూడండి, ఒక్కరు నడిస్తే ఏమవుతుందని అందరూ నడిచిన చోట ఎలా కోసుకుపోయాయో.

దానికి బదులు గుట్ట చుట్టూ నడవండి. మన ప్రదక్షిణ లాగే, కుడిచేతి వైపు గుట్ట పెట్టుకుని. తూర్పున స్లైగో ఊరు, దాని వెనక లఫ్ గిల్ చెరువు. దక్షిణానికి వస్తే బాలిసడేర్ అఖాతం, దాని అవతల ఆక్స్ పర్వతాల వరస. పడమర అట్లాంటిక్, ఇంక అడ్డం ఏమీ ఉండదు. ఉత్తరానికి తిరిగేసరికి బెన్‌బుల్బెన్ వస్తుంది, కత్తితో కోసిన కేకు ముక్కలాంటి కొండ, తెరిపిగా ఉంటే దాని వెనక డోనెగాల్ కొండలు నీలంగా. ఒక్కో దిక్కు వచ్చేసరికి వెనకది దాక్కుంటుంది. నాకు అలా చూడటమే ఇష్టం.

అగరుబత్తి వద్దమ్మా, ఆ గాలికి నిప్పురవ్వ ఎండుగడ్డిలో పడితే ప్రమాదం. పువ్వు, పసుపు, నాణెం కూడా వద్దు. దండం పెట్టుకోండి, చాలు. ఒక్కరే వెళ్తే టాక్సీలో దిగి, తిరిగొచ్చే టైము అతనితో మాట్లాడుకుని, అదే టైము అమ్మాయికి మెసేజ్ పెట్టండి. అక్కడా అత్యవసరానికి 112 నొక్కితే పలుకుతారు.

తొట్లకొండ_నడక · మే 10

రాణిగారి గురించి. ఆవిడ పేరు మేవ్, ఐర్లండ్ పాత కథల్లో కొనాక్ట్ రాజ్యానికి రాణి. ఆ కథ వింటే మన విరాటపర్వంలో గోగ్రహణం గుర్తొస్తుంది. మొగుడికి తెల్లకొమ్ముల ఆబోతు ఉంది, తన మందలో దానికి సాటి వచ్చేది లేదు. ఆస్తిలో ఒక్క మెట్టు కూడా తగ్గకూడదని పక్క రాజ్యం అల్‌స్టర్‌లో ఉన్న గోధుమరంగు ఆబోతు కోసం దండెత్తుతుంది. చనిపోయాక ఆవిణ్ని ఆ గుట్టలో నిలబెట్టి, శత్రువుల దిక్కు చూసేలా పాతిపెట్టారని చెప్పుకుంటారు. అయితే కథలో రాణి కాలం క్రీస్తుశకం మొదలు దరిదాపుల్లోది. గుట్ట అంతకు దాదాపు 3,000 ఏళ్ల ముందుది. ఎవరి కోసం కట్టారో వాళ్ల పేరు మాసిపోయి, ఆవిడ పేరు నిలిచింది.

తూర్పు దారికి వెళ్లేటప్పుడు కారోమోర్‌లో తప్పకుండా ఆగండి. కొండ కింద పచ్చికలో రాతి సమాధులు ముప్పై దాకా ఉన్నాయి, కొన్ని గుట్టకంటే కూడా పాతవి. తొట్లకొండ మీద బౌద్ధ స్తూపాల పునాదుల మధ్య తిరిగినప్పుడు ఎలా ఉంటుందో అక్కడా అలాంటి నిశ్శబ్దమే అంటారు మా అన్నయ్య వాళ్లు.

పెదవాల్తేరు_లెక్కలటీచర్ · మే 11

అమ్మా సిస్టర్, నీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. కాలెత్తే వ్యాయామం నిన్నటి నుంచే మొదలుపెట్టాను. ఒక అనుమానం. ఎక్కడానికి నాకు బాధ లేదు, దిగడానికే కదా. స్ట్రాండ్‌హిల్ వైపు ఎక్కి తూర్పు వైపు దిగితే రెండు దారులూ చూసినట్టవుతుంది. తప్పా?

సీతమ్మధార_సిస్టర్ · మే 11

తప్పేం కాదమ్మా, నాకు తట్టనే లేదు. పొడిగా ఉన్న రోజు, అవతల కార్ పార్క్‌లో ఎవరో ఒకరు కారుతో ఉంటేనే. మొదటిసారి మాత్రం తూర్పు నుంచే ఎక్కి దిగి, మోకాలు మర్నాడు ఏమంటుందో చూసుకోండి. స్ట్రాండ్‌హిల్ ఒడ్డున నీళ్లలోకి మాత్రం దిగకండి, ఆర్కే బీచ్‌లాగే లోపలికి లాగేస్తుంది.

పెదవాల్తేరు_లెక్కలటీచర్ · జూన్ 20

స్లైగో నుంచి రాస్తున్నాను. వచ్చి పదహారు రోజులు. మొదటి వారమంతా గుట్ట కనబడలేదు, నువ్వన్నట్టే వంట చేసుకున్నాను. ఒకరోజు తెరిపిచ్చిందని వెళ్తే సగం దారిలో సముద్రం మీంచి తుంపర తెరలాగా నడిచొచ్చింది, ఏమీ ఆలోచించకుండా వెనక్కి తిరిగాను. మొన్న గురువారం సాయంత్రం అమ్మాయి సెలవు పెట్టుకుంది. ఇద్దరం తూర్పు వైపు నుంచి వెళ్లాం. గంటా పది నిమిషాలు పట్టింది ఎక్కడానికి.

కంచె మీద ఉన్ని ఉంది సిస్టర్. కదలకుండా ఉంది. చిన్న పోగు వేలితో ముట్టుకుని చూశాను, తడిగా, జిడ్డుగా ఉంది.

గుట్ట ఇంత పెద్దదనుకోలేదు. కిటికీలోంచి కొప్పులాగా కనబడేది, దగ్గరికెళ్తే మా ఇంటికంటే ఎత్తు. అన్నీ చేత్తో మోయగలిగిన రాళ్లే. ఒక్కొక్కటీ ఎవరో ఒకరు కింద నుంచి పట్టుకొచ్చి ఉంటారు కదా అనుకుంటే చాలాసేపు మాట రాలేదు. దండం పెట్టుకుని మూడుసార్లు చుట్టూ తిరిగాను. మూడోసారి ఉత్తరం పక్కకి వచ్చేసరికి బెన్‌బుల్బెన్ మీద మబ్బు తొలగి ఎండ పడింది. అమ్మాయి ఫోటో తీయబోతే వద్దన్నాను, ఊరికే నిలబడి చూడమన్నాను. గుట్టకి దూరంగా గడ్డిలో కూర్చుని పులిహోర తిన్నాం. ఆ చలికి చింతపండు పులుపు అంత రుచిగా ఉంటుందని తెలియదు. ఆకులు, కవర్లు అన్నీ సంచిలో వేసుకుని దించేశాం.

దిగేటప్పుడు నొప్పి కాలు ముందు, కర్రలు పొడవు చేసి. రెండుచోట్ల సూది గుచ్చింది, అంతే. మర్నాడు కొంచెం వాచింది, ఐసు పెట్టాను, ఇవాళ లేదు.

అల్లుడు వచ్చే ఆదివారం కారు అవతల కార్ పార్క్‌లో పెట్టి ఉంచుతానన్నాడు. పొడిగా ఉంటే స్ట్రాండ్‌హిల్ నుంచి ఎక్కుతాను. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర, కిటికీలో గుట్ట ఇంకా కనబడుతోంది.